దక్షిణ అమెరికా క్లబ్ ఫుట్‌బాల్: ఇంగ్లీషు టీవీ మనకు చూపించనిది

సభకు నమస్కారం. నన్ను మాట్లాడమని పిలిచిన గ్రంథాలయ నిర్వాహకులకు, ఆదివారం పూట వీలు చేసుకుని వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు.

2025 డిసెంబర్ 13 సాయంత్రం ఉప్పల్ స్టేడియానికి మెస్సీ, లూయిస్ సువారెజ్, రోడ్రిగో డి పాల్ ముగ్గురూ కలిసి వచ్చినప్పుడు మీలో కొందరైనా అక్కడ ఉండే ఉంటారు. నాకు పై వరుసల్లో సీటు దొరికింది. నా పక్కన ఇంటర్ చదివే కుర్రాడొకడు కూర్చున్నాడు. మెస్సీ బార్సిలోనాకు ఏ సీజన్‌లో ఎన్ని గోల్స్ కొట్టాడో ఆ పిల్లవాడు ఎక్కాలు ఒప్పజెప్పినట్టు గడగడా చెప్పాడు. సువారెజ్ లివర్‌పూల్‌లో ఉన్ననాటి సంగతులు కూడా వాడికి కంఠతా వచ్చు. మాటల మధ్యలో నేను, "డి పాల్ మొదట ఆడిన క్లబ్ ఏది బాబూ?" అని అడిగాను. కాస్త ఆలోచించి, "ఉదినేసే కదా అంకుల్" అన్నాడు.

ఉదినేసే ఇటలీ క్లబ్బు. డి పాల్ అక్కడికి చేరే నాటికే అతని వెనుక ఒక ఖండం ఉంది. అతను పెద్దల ఆట మొదలుపెట్టింది అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరెస్‌ను ఆనుకుని ఉన్న అవెల్యనేడా పట్టణపు రేసింగ్ క్లబ్‌లో. అదే పట్టణంలో ఇండిపెండియెంటే అనే మరో పెద్ద క్లబ్ ఉంది. రెండు స్టేడియాల మధ్య ఐదు నిమిషాల నడక దూరం కూడా ఉండదు. సువారెజ్ మొదట వేసుకున్న చొక్కా ఉరుగ్వే రాజధాని మోంటెవిడియోలోని నాసియొనాల్ క్లబ్‌ది. మెస్సీ ఏడెనిమిదేళ్ల పసివాడిగా బంతి తన్నింది రొసారియోలోని న్యూవెల్స్ ఓల్డ్ బాయ్స్ పిల్లల జట్టులో. పదమూడేళ్ల వయసులో బార్సిలోనాకు వెళ్లిపోయాడు. అంటే ఆ సాయంత్రం మన ఉప్పల్‌లో నిలబడిన ముగ్గురూ మూడు దక్షిణ అమెరికా క్లబ్బులు కన్నబిడ్డలు. ఆ మూడు క్లబ్బుల పేర్లు ఆ స్టేడియంలో ఎవరి నోటా వినబడలేదు.

ఆ పిల్లవాడిని నేను తప్పుపట్టడం లేదు. వాడు ఫుట్‌బాల్‌ను ఇంగ్లీషు వ్యాఖ్యానం ద్వారా నేర్చుకున్నాడు, నేనూ అలాగే నేర్చుకున్నాను. ఇంగ్లీషు టెలివిజన్ దృష్టిలో దక్షిణ అమెరికా ఆటగాడి జీవితం అతను యూరప్ విమానం ఎక్కిన రోజున మొదలవుతుంది. అంతకు ముందు అతను ఏ వీధిలో పెరిగాడు, ఏ క్లబ్ అతనికి బూట్లు కొనిపెట్టింది, ఏ ఊరి జనం అతని పేరు పెట్టి పాట కట్టారు అన్న విషయాలు దానికి ఉపోద్ఘాతంలో ఒక వాక్యానికి సరిపోతాయి. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ ఒక్క వాక్యంలోకి కుదించిన ప్రపంచం గురించి.

ఆ ప్రపంచం చిన్నదేమీ కాదు. యూరప్‌లో ఛాంపియన్స్ లీగ్ ఎలాంటిదో అక్కడ కోపా లిబర్టడోరెస్ అలాంటిది. 1960లో మొదలైంది. తొలి విజేత ఉరుగ్వే దేశపు పెన్యరోల్. అత్యధికంగా ఏడుసార్లు గెలిచింది ఇందాక చెప్పిన అవెల్యనేడా పట్టణపు ఇండిపెండియెంటే. ఇప్పుడు పది దేశాల నుంచి 47 క్లబ్బులు ఇందులో ఆడతాయి. సముద్ర మట్టంలో ఉండే రియో నుంచి బొలీవియాలో 3,600 మీటర్ల ఎత్తున ఉండే లా పాజ్‌కు వెళ్లి ఆడవలసి వచ్చిన జట్టు, ఊపిరి అందక ఇబ్బంది పడకుండా ఉండేందుకు మ్యాచ్‌కు కొన్ని గంటల ముందు మాత్రమే కొండ ఎక్కి, ఆట కాగానే దిగివచ్చేస్తుంది. పలచని గాలిలో బంతి మామూలు కంటే వేగంగా దూసుకుపోతుంది కాబట్టి అక్కడి ఆటగాళ్లు దూరం నుంచే గోల్ మీదకు బలంగా కొడతారు. ఇది తెలియని వ్యాఖ్యాతకు కొండ ఎక్కి వచ్చిన జట్టు చేతగానిదిలా కనిపిస్తుంది, తెలిసినవాడికి అదే మ్యాచ్ ఒక యుద్ధతంత్రంలా కనిపిస్తుంది.

ఇంత ఉన్నదాన్ని ఇంగ్లీషు తెరలు ఎందుకు పట్టించుకోలేదు? మొదటి కారణం భాషాపటంలోనే ఉంది. ఈ పోటీలో పాల్గొనే పది దేశాల్లో తొమ్మిదింటి భాష స్పానిష్, బ్రెజిల్ భాష పోర్చుగీసు. ఆ ఖండం మీద ఇంగ్లీషు అధికార భాషగా ఉన్న స్వతంత్ర దేశం గయానా ఒక్కటే. అది ఫుట్‌బాల్ లెక్కలో ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ సమాఖ్యకు చెందుతుంది. (పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి చెరకు తోటల కూలీలుగా వెళ్లిన తమిళుల, తెలుగువారి సంతతి అక్కడ ఇప్పటికీ ఉంది కాబట్టి ఆ దేశం పేరు వస్తే నా మనసు కాసేపు ఆగుతుంది.) అందువల్ల లిబర్టడోరెస్‌ను తన సొంత ఇంటి ఆటగా ఇంగ్లీషులో చెప్పుకునే జనం ఆ పోటీ లోపల లేరు. ఇంగ్లీషులో వచ్చేది ఎప్పుడూ బయటివాడి మాటే, అదీ చాలాసార్లు మైదానానికి వేల మైళ్ల దూరంలో ఒక గదిలో కూర్చుని తెర చూస్తూ చెప్పే మాట.

రెండో కారణంగా అందరూ వేళను చెబుతారు. అక్కడ బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకు మొదలయ్యే ఆట లండన్‌లో అర్ధరాత్రి దాటాక వస్తుంది. బ్రెజిల్‌లోనైతే సీరియళ్లు అయ్యాకే బంతి కదలాలన్న టీవీ లెక్క వల్ల వారం మధ్య మ్యాచ్‌లు రాత్రి పదింటి దాకా మొదలుకాని కాలం చాలా ఉంది. బ్రిటన్ విషయంలో ఈ కారణాన్ని ఒప్పుకుంటాను. అమెరికా విషయంలో మాత్రం ఒప్పుకోను, ఎందుకంటే న్యూయార్క్‌కు ఆ మ్యాచ్‌లు సాయంత్రం భోజనాల వేళకే వస్తాయి. అక్కడ జరిగింది వేరు. స్పానిష్ మాట్లాడే కోట్లమంది ప్రేక్షకులు ఉన్నారు కాబట్టి హక్కులు కొన్న సంస్థలు మ్యాచ్‌ను స్పానిష్ ఛానెల్‌లో వేసి ఊరుకున్నాయి. ఇంగ్లీషు వ్యాఖ్యాతకు జీతం ఇవ్వడం అదనపు ఖర్చుగా కనిపించింది. 2003లో మొదలైన గోల్ టీవీ అనే ఛానెల్, ఉరుగ్వే వాళ్లు పెట్టింది, ఒకే బొమ్మకు ఇంగ్లీషు, స్పానిష్ రెండు గొంతులూ ఇవ్వడానికి ప్రయత్నించింది. ఆ పద్ధతి ఆ మార్కెట్‌లో ఆనవాయితీ కాలేదు.

నేను ఉద్యోగరీత్యా న్యూజెర్సీలో కొన్నేళ్లు ఉన్నాను. అప్పట్లో నేను ఇంటికి పెట్టించుకున్న కేబుల్ ప్యాకేజీలో లిబర్టడోరెస్ కావాలంటే స్పానిష్ ఛానెళ్ల కట్టకు విడిగా డబ్బు కట్టాలన్నారు, కట్టాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎలిజబెత్ పట్టణంలో ఉరుగ్వే దంపతులు నడిపే ఒక బేకరీ ఉండేది. అక్కడ గోడమీద చిన్న టీవీ, దాని కింద రొట్టెల బల్ల, బల్ల మీద పిండి దుమ్ము. బుధవారాలు ఆఫీసు అయ్యాక అక్కడికి వెళ్లి నిలబడేవాణ్ణి. యజమాని చేతులకు పిండి ఉండగానే తెర వైపు వేలు చూపిస్తూ, వచ్చీరాని ఇంగ్లీషులో నాకు ఆట చెప్పేవాడు. ఆయన ఎప్పుడూ ఆటగాడి పేరుతో మొదలుపెట్టేవాడు కాదు. ముందు ఆ క్లబ్ ఏ పేటదో చెప్పేవాడు, తర్వాత ఆ పేటలో ఎవరు ఉంటారో చెప్పేవాడు, రైల్వే కార్మికులా, రేవు కూలీలా, చదువుకున్న కుటుంబాలా అని. ఆ తర్వాతే బంతి దగ్గరకు వచ్చేవాడు. నేను అన్నేళ్లుగా విన్న ఇంగ్లీషు వ్యాఖ్యానంలో దొరకనిది అదేనని ఆ బల్ల దగ్గర నిలబడినప్పుడే నాకు అర్థమైంది.

ఆయన దగ్గర నేర్చుకున్న ఒక మాట మీకు చెప్పాలి. అభిమానిని స్పానిష్‌లో 'ఇంచా' అంటారు. ఊదడం, గాలి నింపడం అనే క్రియ నుంచి పుట్టిన మాట ఇది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో మోంటెవిడియోలోని నాసియొనాల్ క్లబ్‌లో ప్రుదెన్సియో మిగెల్ రేయెస్ అనే తోలుపనివాడు ఉండేవాడట. బంతులకు గాలి నింపడం ఆయన పని. ఆట మొదలయ్యాక గీత పక్కన నిలబడి తన జట్టు కోసం గొంతు చించుకుని అరిచేవాడట. ఆ అరుపు విన్నవాళ్లు "ఎవరది?" అంటే "గాలి కొట్టేవాడు" అని చెప్పేవారనీ, అలా గాలి కొట్టేవాడి పేరే అభిమానికి పేరైందనీ అక్కడ చెప్పుకుంటారు. సువారెజ్ మొదటి చొక్కా ఆ క్లబ్‌దే అని మరచిపోకండి. ఇంగ్లీషు వ్యాఖ్యాత ఈ మాటను 'ఫ్యాన్స్' అని దాటేస్తాడు. బంతిలోకి తన ఊపిరిని ఊదిన మనిషి ఆ అనువాదంలో కనబడడు.

ఇంగ్లీషు టెలివిజన్‌కు చేతకాక ఇలా జరిగింది అనుకుంటే అదీ పొరపాటే. 1992లో పాల్ గాస్కోయిన్ అనే ఇంగ్లండ్ ఆటగాడు రోమ్‌లోని లాట్సియో క్లబ్‌లో చేరాడు. ఆ ఏడే బ్రిటన్‌లో ఛానెల్ 4 ఇటలీ లీగ్‌ను ఉచితంగా చూపించడం మొదలుపెట్టింది. ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్, శనివారం ఉదయం ఇటలీ వీధి పక్కన కాఫీ బల్ల మీద అక్కడి పత్రికలు పరచుకుని ఒక వ్యాఖ్యాత చెప్పే కబుర్లు. ఒక తరం ఆంగ్లేయులు ఇటలీ ఊళ్ల పేర్లు, క్లబ్బుల పగలు, ప్రేమలు అలా నేర్చుకున్నారు. మంచి పనే. కానీ గమనించండి, ఆ కెమెరా అక్కడికి వెళ్లింది తమ ఊరి పిల్లవాడు వెళ్లాడు కాబట్టి. ఆ రోజుల్లో దక్షిణ అమెరికా క్లబ్బుకు అలాంటి ఆంగ్లేయుడు ఎవరూ వెళ్లలేదు. ప్రయాణమంతా అటు నుంచి ఇటే.

రేడియోకు ఇక్కడ ఒక నమస్కారం పెట్టాలి. టిమ్ వికరీ అనే ఆంగ్లేయ పాత్రికేయుడు 1994 నుంచి రియో డి జనీరోలో నివసిస్తూ, బీబీసీ రేడియోలో తెల్లవారుజామున వచ్చే ఫోన్ కార్యక్రమంలో ఏళ్ల తరబడి ఆ ఖండపు క్లబ్బుల గురించి ఓపికగా చెబుతూ వచ్చారు. ఒక మనిషి అక్కడే కాపురం ఉండి, అక్కడి భాష మాట్లాడుతూ, అక్కడి పత్రికలు చదువుతూ ఇంగ్లీషులో చెబితే ఎంత తేడా వస్తుందో ఆయన చూపించారు. బొమ్మ లేని రేడియో చేయగలిగిన ఈ పనిని, బొమ్మ చేతిలో ఉన్న టెలివిజన్ చేయకపోవడమే నాకు బాధ.

ఇంగ్లీషు తెరలు ఆ క్లబ్బుల దగ్గరకు పరుగున వెళ్లిన సందర్భాలు ఉన్నాయి. అవి ఎలాంటివో చెబుతాను. బ్రెజిల్ దక్షిణాన శాంత కతరీనా రాష్ట్రంలో షపెకో అనే ఊరు ఉంది. ఆ ఊరి క్లబ్ షపెకోయెన్సె 2009లో నాలుగో శ్రేణిలో ఆడుతూ, ఒక్కో మెట్టూ ఎక్కి 2014కల్లా మొదటి శ్రేణికి వచ్చింది. ఒక చిన్న ఊరి జట్టు ఐదేళ్లలో అంత పైకి ఎదగడం ఎంత గొప్ప కథ! ఇంగ్లీషు ఛానెళ్లకు అది కథగా తోచలేదు. 2016 నవంబర్ 23న వాళ్లు ఆ ఖండపు క్లబ్బుల రెండో పెద్ద పోటీ కోపా సుదమెరికానా సెమీఫైనల్‌లో అర్జెంటీనా క్లబ్ శాన్ లొరెంజోతో సొంత మైదానంలో ఆడారు. ప్రత్యర్థి మైదానంలో జరిగిన మొదటి మ్యాచ్ 1-1. బయటి మైదానంలో కొట్టిన గోల్‌కు విలువ ఎక్కువ కాబట్టి ఇక్కడ 0-0 అయినా వాళ్లకు చాలు. కానీ చివర్లో తమ మీద ఒక్క గోల్ పడినా ఇంటిదారే. చివరి క్షణాల్లో గోల్‌కు అతి దగ్గర నుంచి ప్రత్యర్థి తన్నిన బంతిని గోల్‌కీపర్ డానిలో కాలు చాచి ఆపాడు. ఆ కాలు వల్ల ఊరు ఊరంతా ఫైనల్‌కు వెళ్లింది. ఐదు రోజుల తర్వాత, నవంబర్ 28 రాత్రి, ఫైనల్ ఆడడానికి కొలంబియాలోని మెదెయిన్‌కు వెళుతున్న వాళ్ల విమానం కూలిపోయింది. విమానంలో ఉన్న 77 మందిలో 71 మంది చనిపోయారు. డానిలో వాళ్లలో ఒకడు. అప్పుడు ఇంగ్లీషు ఛానెళ్లన్నీ ఆ ఊరి పేరు పలకడం నేర్చుకున్నాయి. పెళ్లికి రాని చుట్టం చావుకు మాత్రం తప్పకుండా వచ్చినట్టు.

ఆ ఫైనల్‌లో ప్రత్యర్థిగా ఆడవలసిన మెదెయిన్ క్లబ్ అత్లెతికో నాసియొనాల్, కప్పును షపెకోయెన్సెకే ఇవ్వమని సమాఖ్యను కోరింది, అలాగే ఇచ్చారు. డానిలో కాలు చాచిన ఆ దృశ్యాన్ని నేను ప్రమాదం తర్వాతే చూశాను. బతికి ఉన్న మనిషి సంతోషాన్ని అతను పోయాక చూడవలసి రావడం ఎలాంటి అనుభవమో మీరు ఊహించగలరు.

రెండో సందర్భం 2018. లిబర్టడోరెస్ ఫైనల్‌లో బ్యూనస్ ఐరెస్ నగరపు చిరకాల ప్రత్యర్థులు బోకా జూనియర్స్, రివర్ ప్లేట్ మొదటిసారి ఎదురుపడ్డాయి. బోకా మైదానంలో మొదటి మ్యాచ్ వాన వల్ల ఒక రోజు ఆలస్యమై 2-2తో ముగిసింది. అద్భుతమైన ఆట. రెండో మ్యాచ్ రోజున రివర్ అభిమానులు బోకా జట్టు బస్సు అద్దాలు పగలగొట్టారు, బోకా కెప్టెన్ పాబ్లో పెరెజ్ కంటికి గాయమైంది, మ్యాచ్ వాయిదా పడింది. ఆ పగిలిన అద్దాల బొమ్మలను ఇంగ్లీషు ఛానెళ్లు రోజుల తరబడి తిప్పాయి. రాళ్లు వేసినవాళ్లను నేను వెనకేసుకు రాను. వాళ్లు ఆటకు ద్రోహం చేశారు. కానీ ఆ రోజు స్టేడియంలో గంటల తరబడి పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎదురుచూసిన వేలమంది కూడా ఆ క్లబ్ మనుషులే, వాళ్లవైపు తిరిగిన కెమెరా తక్కువ. చివరికి డిసెంబర్ 9న మ్యాచ్‌ను మాడ్రిడ్‌కు మార్చారు. రివర్ అదనపు సమయంలో 3-1తో గెలిచింది. కింతెరో కొట్టిన బంతి పై కమ్మీ అడుగు భాగాన్ని తాకి లోపలికి దూరింది. యూరప్ నగరంలో, యూరప్ వేళకు ఆడారు కాబట్టి ఆ మ్యాచ్ మాత్రం అందరికీ అందింది.

హక్కుల వ్యాపారం గురించి ఎక్కువ చెప్పను, అది విసుగు పుట్టించే, దుఃఖం కలిగించే కథ. 2015లో అమెరికా న్యాయశాఖ బయటపెట్టిన ఫిఫా కేసులో దక్షిణ అమెరికా సమాఖ్యకు అధ్యక్షులుగా పనిచేసిన నికొలాస్ లెయోజ్, యుహెనియో ఫిగెరెదో, హువాన్ ఆంహెల్ నపౌట్ ముగ్గురి మీదా అభియోగాలు వచ్చాయి; నపౌట్ 2017లో దోషిగా తేలాడు. టీవీ హక్కులు ఎవరికి ఇవ్వాలో లంచాలు నిర్ణయించే చోట, ఎక్కడో ఉన్న ఇంగ్లీషు ప్రేక్షకుడికి ఏం కావాలని ఆలోచించే తీరిక ఎవరికి ఉంటుంది?

2025 వేసవిలో అమెరికాలో జరిగిన క్లబ్ ప్రపంచకప్‌లో మాత్రం తప్పించుకోవడానికి వీల్లేకపోయింది. బ్రెజిల్ క్లబ్ బోటాఫోగో యూరప్ విజేత పారిస్ సెయింట్-జర్మైన్‌ను 1-0తో ఓడించింది. ఆ మర్నాడే మరో బ్రెజిల్ క్లబ్ ఫ్లమెంగో ఇంగ్లండ్ క్లబ్ చెల్సీని 3-1తో ఓడించింది. 44 ఏళ్ల గోల్‌కీపర్ ఫాబియో, 40 ఏళ్ల తియాగో సిల్వా ఉన్న ఇంకో బ్రెజిల్ క్లబ్ ఫ్లుమినెన్సె ఇంటర్ మిలాన్‌ను 2-0తో ఇంటికి పంపి సెమీఫైనల్ దాకా వచ్చింది. నేను విన్న ఇంగ్లీషు గొంతుల్లో ఆశ్చర్యమే ఎక్కువ వినిపించింది. వారం వారం చూస్తున్నవాడికి ఆశ్చర్యం కలగదు, ఆనందం కలుగుతుంది. సెమీఫైనల్‌లో చెల్సీ తరఫున రెండు గోల్స్ కొట్టి ఫ్లుమినెన్సెను ఓడించింది జొవావ్ పెద్రో, చిన్నప్పుడు అదే ఫ్లుమినెన్సె శిక్షణశాలలో పెరిగిన పిల్లవాడు. గోల్ కొట్టాక అతను సంబరం చేసుకోలేదు, క్షమించమన్నట్టు చేతులు పైకెత్తాడు. ఆ చేతుల వెనుక ఉన్న చరిత్రను ఎన్నడూ చూపించని తెర మీద, ఆ చేతులకు అర్థం ఎంతమందికి తెలిసి ఉంటుంది?

ఇప్పుడు మన సంగతికి వస్తాను. బ్యూనస్ ఐరెస్‌కూ మనకూ ఎనిమిదిన్నర గంటల తేడా. అక్కడ బుధవారం రాత్రి తొమ్మిదిన్నర అంటే ఇక్కడ గురువారం ఉదయం ఆరు గంటలు. ఛాంపియన్స్ లీగ్ కోసం మన పిల్లలు అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నర దాకా కూడా మేలుకుంటున్నారు. లిబర్టడోరెస్ మాత్రం పాలప్యాకెట్ వచ్చే వేళకు, కాఫీ కాగే వేళకు మన ఇంటికి వస్తుంది. లండన్ వాళ్లకు కుదరని వేళ మనకు చక్కగా కుదురుతుంది. మరి లండన్ వాళ్ల చెవులతోనే మనం ఎందుకు వినాలి? కబడ్డీకి, క్రికెట్‌కు తెలుగు వ్యాఖ్యానం వచ్చాక మన ఇళ్లలో ఆట ఎంత దగ్గరైందో మీకు తెలుసు. స్పానిష్ నుంచి తెలుగుకు రావడానికి మధ్యలో ఇంగ్లీషు వంతెన ఉండి తీరాలన్న నియమం ఏమీ లేదు.

నేను చందా కట్టిన ఒక యాప్‌లో నిరుడు ఒక గురువారం వ్యాఖ్యానం అసలు రాలేదు. స్టేడియం హోరు మాత్రమే వినిపించింది. ఫిర్యాదు చేయబోయి ఆగిపోయాను, ఎందుకంటే మా ఇంట్లో కూర్చున్న నలుగురు మిత్రులం ఆ హోరు మధ్య మనకు తెలిసింది మనమే చెప్పుకుంటూ చూశాం, అంత బాగా ఎప్పుడూ చూడలేదు. అప్పటి నుంచి కావాలనే గొంతు తగ్గించి, మాలో ఒకరం వంతుల వారీగా తెలుగులో చెబుతున్నాం. ముందు క్లబ్ ఏ పేటదో చెప్పాలి, తర్వాతే బంతి. బేకరీ యజమాని పెట్టిన ఆ నియమాన్ని నేను వదల్లేదు. మాటల దగ్గర చాలా తర్జనభర్జనలు జరుగుతాయి. 'పొత్రేరో' అంటే పిల్లలు బంతాట నేర్చుకునే ఖాళీ జాగా. దాన్ని మేము 'బీడు' అంటున్నాం, అది బాగానే కుదిరింది. 'గాంబేటా' దగ్గర మాత్రం నెలల తరబడి చిక్కుపడ్డాం. బంతిని కాలికి అతికించుకుని, ఇటు వెళ్తున్నట్టు ఒళ్లు వంచి అటు జారిపోయే విద్య అది. ఒకరు 'కాలి ఒడుపు' అన్నారు. కబడ్డీ ఆడిన మిత్రుడు, 'కూతకు వెళ్లినవాడు తప్పించుకోవడం' అంటే సరిపోతుందన్నాడు, కానీ గోల్ పడే లోపు అంత పొడుగు మాట పూర్తికాదు.

ఈ మధ్య ఒక గురువారం వంతు వచ్చిన మిత్రుడు కృష్ణా జిల్లావాడు. ఒక బ్రెజిల్ కుర్రాడు ఎడమ గీత పక్కన ఇద్దరిని దాటుకుని లోపలికి దూరినప్పుడు, అతను ఏ మాటా వెతుక్కోకుండా, కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే, "బురిడీ కొట్టించాడ్రా ఇద్దర్నీ!" అని అరిచాడు. ఎవరం నవ్వలేదు. మాకు తెర మీద కనిపించింది సరిగ్గా అదే. ఆ మాటను మా నోటుపుస్తకంలో గాంబేటా ఎదురుగా రాసుకున్నాం. వచ్చే గురువారం ఆరు గంటలకు మళ్లీ కూర్చుంటాం. మా ఇంట్లో ఇంకో ఎనిమిది మందికి చోటు ఉంది, రావాలనుకున్నవారు సభ అయ్యాక నన్ను కలవండి.